కొర్లగుంటలో ఒక ఇంటి మందుల బిల్లు: నెలకు రూ.4,955 నుంచి రూ.1,089కి

మందుల ఖర్చు చూసిపెట్టమని మమ్మల్ని అడిగిన, తిరుపతి కొర్లగుంటలో ఉండే దంపతుల కేసు ఇది. ఆయనకు 61 ఏళ్లు, ప్రైవేటు ఉద్యోగం చేసి రిటైరయ్యారు. షుగర్ వచ్చి పద్నాలుగేళ్లయింది, బీపీ కూడా ఉంది. ఆమెకు 56 ఏళ్లు, థైరాయిడ్, మోకాళ్ల నొప్పులు. పెన్షన్ లేదు. పైపోర్షన్ అద్దె, బ్యాంకు వడ్డీ, అంతే. వాళ్లు అడిగింది ఒక్కటే: "ఇప్పుడు కొనే షాపులో పది శాతం తగ్గిస్తారు, ఇరవై తగ్గించే షాపు ఎక్కడుంది?" అది వెతికిపెడితే నెలకు మరో రూ.495 మిగిలేది. బిల్లులోని ఒక్కో మందును విడిగా తీసి చూస్తే మిగిలింది రూ.3,866.

పేర్లు, ఆసుపత్రులు, బ్రాండ్లు వదిలేశాం. ధరలు ఆ ఇంటి బిల్లుల్లోవే, లెక్క తేలిగ్గా ఉండాలని కొంచెం సర్దాం. కంపెనీని బట్టి, నెలను బట్టి ధర మారుతుంది కాబట్టి అంకె కంటే లెక్క వేసిన పద్ధతి చూడండి.

మొదట ఒక మాట. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డైనా ఆయుష్మాన్ కార్డైనా ప్రధానంగా ఆసుపత్రిలో చేరినప్పుడు ఆదుకునేవి. నెలనెలా మందుల షాపులో కట్టే డబ్బు జేబులోంచే పోతుంది. 2021-22 జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం దేశం మొత్తం ఆరోగ్య ఖర్చులో జనం సొంతంగా పెట్టుకున్నది 39.4 శాతం. షుగరూ బీపీ ఉన్న ఇంట్లో ఆ డబ్బు ఆపరేషన్‌కు పోయినట్టు ఒకేసారి పోదు, నెలకింత అని ఏళ్ల తరబడి పోతూనే ఉంటుంది. అందుకే ఎవరూ కూర్చుని లెక్క వేయరు.

పాత బిల్లు

మూడు నెలల బిల్లులు, వాడుతున్న అట్టలు, ఖాళీ అట్టలు, డాక్టరు చీటీలు అన్నీ మంచం మీద పరిపించాం. ఒక్కో అట్ట మీద బ్రాండు పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, పక్కన ఎస్ఆర్ (మందును నెమ్మదిగా వదిలే రకం) లాంటి అక్షరాలున్నాయా, అట్టకు ఎన్ని మాత్రలు, ఎంఆర్‌పీ ఎంత అన్నవి రాసుకున్నాం. అట్ట ధర పోల్చడం ఇక్కడ జనం ఎక్కువగా చేసే పొరపాటు. షుగర్, బీపీ బ్రాండ్లు చాలావరకు 15 మాత్రల అట్టలు, జన ఔషధివి, అంటే కేంద్ర ప్రభుత్వ పథకం కింద తక్కువ ధరకు అమ్మే మందులవి, ఎక్కువగా 10. ఒక్క మాత్రకు ఎంత పడుతోంది, నెలకు ఎన్ని మాత్రలు కావాలి అన్నదే లెక్క.

ఆయనవి:
గ్లిమిపిరైడ్ 2 + మెట్‌ఫార్మిన్ 500 ఎస్ఆర్ (షుగర్‌కు), రోజుకు రెండు: రూ.12 చొప్పున 60, రూ.720
సిటాగ్లిప్టిన్ 100 (షుగర్‌కు): రూ.38 చొప్పున 30, రూ.1,140
టెల్మిసార్టాన్ 40 + ఆమ్లోడిపిన్ 5 (బీపీకి): రూ.13 చొప్పున 30, రూ.390
రోసువాస్టాటిన్ 10 (కొలెస్టరాల్‌కు): రూ.18 చొప్పున 30, రూ.540
పాంటోప్రజోల్ 40 (కడుపులో మంటకు): రూ.10 చొప్పున 30, రూ.300
'నరాల బలానికి' క్యాప్సూల్: రూ.22 చొప్పున 30, రూ.660

ఆమెవి:
థైరాక్సిన్ 75 మైక్రోగ్రాములు: రూ.2 చొప్పున 30, రూ.60
క్యాల్షియం: రూ.9 చొప్పున 30, రూ.270
విటమిన్ డి 60,000 యూనిట్లు, వారానికొకటి: రూ.30 చొప్పున 4, రూ.120
మోకీళ్ల గుజ్జు పెరగడానికని గ్లూకోసమిన్: రూ.25 చొప్పున 30, రూ.750

మందులన్నీ కలిపి రూ.4,950. పది శాతం తగ్గింపు పోను రూ.4,455. గ్లూకోమీటర్ స్ట్రిప్పులు నెలకు 25, ఒక్కోటి రూ.20, వాటి మీద తగ్గింపు లేదు కాబట్టి రూ.500. మొత్తం రూ.4,955.

ఈ జాబితాను ఖర్చు వరసలో పెట్టి చూడగానే ఒకటి తేలింది. అన్నిటికంటే ఎక్కువ డబ్బు తింటున్నది సిటాగ్లిప్టిన్. ఆ తర్వాత గ్లూకోసమిన్. ఆయన మాత్రం బీపీ మాత్ర ఖరీదెక్కువ అనుకుంటున్నారు, దాని బాక్సు పెద్దది కాబట్టి.

సిటాగ్లిప్టిన్: చీటీ పాతదైతే ధరా పాతదే

ఈ మందు చీటీలోకి 2019లో వచ్చింది. అప్పుడది పేటెంటులో ఉంది, కనిపెట్టిన కంపెనీ బ్రాండే రాయాల్సి వచ్చింది. 2022 జూలైలో పేటెంటు ముగిసింది. ఆ ఏడాదే జన ఔషధి కేంద్రాల్లో 100 మి.గ్రా. పది మాత్రల అట్ట రూ.100కు, 50 మి.గ్రా. అట్ట రూ.60కి పెట్టారు. పేరున్న కంపెనీలు కూడా సొంత బ్రాండ్లు తక్కువ ధరకు తెచ్చాయి. ఈ ఇంట్లో మాత్రం పాత బ్రాండు పేరే ప్రతి చీటీలోకీ ఎక్కుతూ వచ్చింది. ఆ పేరున్న అట్టే ఇవ్వమని వీళ్లు అడుగుతారు, షాపువాళ్లు అదే ఇస్తారు.

షాపువాళ్లను ఇందులో తప్పుపట్టలేం. డ్రగ్స్ నిబంధనల్లో 65(11ఏ) ప్రకారం షెడ్యూల్ హెచ్ మందును, అంటే డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన మందును, చీటీలో ఒక పేరుతో రాస్తే, లోపల అదే మందున్నా సరే, దాని బదులు వేరేది ఇవ్వకూడదు. మార్చాలంటే చీటీ మారాలి. చీటీ రాసేది డాక్టరు. అందుకే ధరల పోలిక ఏదైనా షాపు కౌంటరు దగ్గర కంటే ముందు డాక్టరు గదిలో మొదలు కావాలి.

షుగర్ మందుల్లో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2025 మార్చిలో పోయింది. ఆ తర్వాత పదుల సంఖ్యలో కంపెనీలు దిగి ధర బాగా పడింది. మీ చీటీలో అది అంతకు ముందు నుంచి ఉంటే ఈ వారమే మాట్లాడండి.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లిన కాగితం

ఓపీలో పేషెంటుకు దొరికేది అయిదు నిమిషాలు. "సార్, ఖర్చెక్కువవుతోంది, ఏదైనా తగ్గించండి" అంటే ఆ అయిదు నిమిషాలు ఓదార్పుతో అయిపోతాయి. ఒకే పేజీ కాగితం రాయించాం. ఎడమ వైపు అసలు మందు పేరు, మోతాదు. మధ్యలో ఇప్పుడు మాత్రకు కడుతున్నది. కుడి వైపు ఒక్కో మందుకు ఒక్కో ప్రశ్న. కొన్నిటి ఎదురుగా "జెనరిక్ పేరుతో (బ్రాండు కాకుండా అసలు మందు పేరుతో) రాస్తారా?" అని, కొన్నిటి ఎదురుగా "ఇది ఇంకా కావాలా?" అని. పాంటోప్రజోల్ ఎదురుగా "ఎందుకు మొదలైందో గుర్తులేదు" అని రాయించాం. ఆ ఒక్క వాక్యమే పని చేసింది. ఎప్పుడో నొప్పి మాత్రలు వాడినప్పుడు కడుపు కోసం రాసిన మాత్ర, నొప్పి మాత్ర ఆగాక కూడా మూడేళ్లు నడిచింది. డాక్టరు దాన్ని క్రమంగా మాన్పించారు.

నరాల క్యాప్సూల్ అట్ట తిప్పి చూస్తే మందుల తయారీ లైసెన్సు నంబరు లేదు, ఫుడ్ లైసెన్సు నంబరు ఉంది. అంటే చట్టం దృష్టిలో అది మందు కాదు, ఆహార పదార్థం. మందుల ధరల నియంత్రణ దానికి వర్తించదు. పది పదిహేను పదార్థాలు కలిపి అమ్మే ఇలాంటివాటికి 'ఇదే మందు తక్కువకు' అనేది దొరకదు, ఎందుకంటే సరిగ్గా అదే కలగలుపు ఇంకెవరూ చేయరు. పోల్చడానికి వీల్లేని వస్తువు ధరను ఎంతైనా పెట్టుకోవచ్చు. అయితే మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో కొందరికి బీ12 విటమిన్ తగ్గుతుంది, కాబట్టి అవసరమే లేదని కొట్టేయలేం. డాక్టరు బీ12 పరీక్ష చేయించారు, తక్కువగానే వచ్చింది. క్యాప్సూల్ తీసేసి సాదా మిథైల్‌కోబాలమిన్ (బీ12) మాత్ర రాశారు: రూ.4 చొప్పున నెలకు రూ.120.

ఆమె వైపు గ్లూకోసమిన్ ఆగిపోయింది. ఎముకల డాక్టరు మాట ప్రకారం ఏడాది వాడినా తేడా లేనప్పుడు కొనసాగించే కారణం లేదు, తొడ కండరాల వ్యాయామం, బరువు తగ్గడమే దారి. విటమిన్ డి విషయంలో ఖర్చు కంటే పెద్ద సంగతి ఉంది. ఆ 60,000 యూనిట్ల మోతాదు కొన్ని వారాల కోర్సు. చీటీలో 'ఎనిమిది వారాలు' అని ఉన్నా ఆమె దాన్ని ఎప్పటికీ వాడాల్సిందనుకున్నారు. అది ఒంట్లో పేరుకుపోతే క్యాల్షియం పెరిగి కిడ్నీల మీద పడుతుంది. చవగ్గా దొరికినా కొనకూడని మందు.

ధర చూడకూడని చోటు

థైరాక్సిన్ జోలికి మేం పోలేదు. అది నిత్యావసర మందుల జాబితాలో ఉంది, ధరకు గరిష్ఠ పరిమితి ఉంది, మాత్రకు రెండు రూపాయలే పడుతోంది. ఇందులో ఎంత వెతికినా నెలకు ముప్పై రూపాయలు మిగలవు. పైగా థైరాక్సిన్ మోతాదు మైక్రోగ్రాముల్లో నడుస్తుంది, కంపెనీ మారితే ఒంటికి అందేది కొంచెం అటూ ఇటూ అయినా టీఎస్‌హెచ్ (రక్త పరీక్షలో థైరాయిడ్ అదుపు చూపే అంకె) కదులుతుంది. మారిస్తే ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్లీ టీఎస్‌హెచ్ చూడాలి. ఆ పరీక్ష ఖర్చు ఏడాది మిగులును మింగేస్తుంది. ఇప్పటికే కుదురుకున్న కంపెనీ మందునే పట్టుకుని ఉండమన్నాం. ఫిట్స్ మందులు వాడేవాళ్లకు ఇదే మాట ఇంకా గట్టిగా చెబుతాం: డాక్టరు చెప్పకుండా కంపెనీ మార్చొద్దు.

'సగం ధర' బోర్డు

కొత్త చీటీ తీసుకుని ఆయన మొదట వెళ్లింది ఇంటి దగ్గర కొత్తగా పెట్టిన జెనరిక్ షాపుకు. రోసువాస్టాటిన్ అట్ట మీద ఎంఆర్‌పీ రూ.150, సగానికి ఇస్తామని రూ.75 తీసుకున్నారు. పది మాత్రలు, ఒక్కోటి రూ.7.50. పాత ధర రూ.18 కాబట్టి సంతోషంగా వచ్చారు. అదే మందు, అదే మోతాదు జన ఔషధిలో మాత్ర రూ.3.

దీన్ని ట్రేడ్ జెనరిక్ అంటారు. కంపెనీ ఈ మందును డాక్టర్లకు ప్రచారం చేయదు, నేరుగా షాపులకు అమ్ముతుంది. షాపుకు పడే ధర చాలా తక్కువ, అట్ట మీద వేసే ఎంఆర్‌పీ మాత్రం బ్రాండు స్థాయిలో ఉంటుంది. మధ్యలో ఉన్నదంతా షాపు మార్జిన్. అందులోంచి యాభై శాతం వదిలినా వాళ్లకు బాగానే మిగులుతుంది. మందు నాసిరకమని మేం అనడం లేదు. శాతం చూసి కొనొద్దనే చెబుతున్నాం. కొనేవాళ్లు చూడాల్సింది మాత్రకు చేతిలోంచి పోయే రూపాయలు.

జన ఔషధి కేంద్రంలో ఆయన అడిగిన ప్రశ్న చాలామంది మనసులో ఉండేదే: "ఏం సామీ, ఇంత తక్కువకొస్తే పని చేస్తుందా?" పథకం నియమం ప్రకారం పేరున్న మూడు బ్రాండ్ల సగటు ధరలో సగం కంటే ఎక్కువ పెట్టకూడదు. టెండరు మీద పెద్ద మొత్తంలో కొంటారు, మెడికల్ రెప్‌ల జీతాలు, ప్రచారం ఖర్చులు అందులో లేవు. సరఫరా చేసే కంపెనీలకు డబ్ల్యూహెచ్‌ఓ-జీఎంపీ (తయారీ ప్రమాణాల) సర్టిఫికెట్ ఉండాలి, బ్యాచ్‌లను ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ల్యాబుల్లో పరీక్షించాకే కేంద్రాలకు పంపుతారు. ఇంత చెప్పినా నమ్మకం మాటలతో రాదు. కొలతలతో రావాలి.

మార్చిన తీరు

అన్నీ ఒకేరోజు మార్చలేదు. మార్చితే, ఏదైనా తేడా వచ్చినప్పుడు ఏ మందు వల్లో తెలియదు. ముందు బీపీ మందు, రోసువాస్టాటిన్. మార్చే ముందు వారం రోజులు పొద్దున, సాయంత్రం ఇంట్లో బీపీ చూసి రాసుకున్నారు, మార్చాక రెండో వారంలో మళ్లీ అలాగే. సగటు మునుపు 134/82, తర్వాత 132/80. ఆ పైన షుగర్ మందులు. మూడు నెలలకు చేసిన హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 7.5, అంతకు ముందుది 7.6. రెండూ ఒకే ల్యాబులో చేసినవి. ల్యాబు మారితే పరికరం మారుతుంది, ఆ చిన్న తేడాను మందు మీద వేసే ప్రమాదముంది.

ఎస్ఆర్ అన్న రెండు అక్షరాలు పోకుండా చూడాలి. మెట్‌ఫార్మిన్ 500 సాదాది, మెట్‌ఫార్మిన్ 500 ఎస్ఆర్ ఒకటి కావు. ఎస్ఆర్ నెమ్మదిగా వదులుతుంది, విరిచి గానీ నూరి గానీ వేసుకోకూడదు. మెటోప్రొలాల్ వాడేవాళ్లు దాని పక్కన సక్సినేట్ ఉందా టార్ట్రేట్ ఉందా చూసుకోవాలి. ఒకటి రోజుకొకసారి వేసుకునేది, రెండోది పూటపూటకూ. చవకదని ఒకదాని బదులు ఇంకోటి తెస్తే రాత్రికి మందు ఉండదు.

కొత్త ధరల్లో గ్లిమిపిరైడ్-మెట్‌ఫార్మిన్ మాత్ర రూ.2.50 చొప్పున రూ.150, సిటాగ్లిప్టిన్ రూ.10 చొప్పున రూ.300, టెల్మిసార్టాన్-ఆమ్లోడిపిన్ రూ.2.50 చొప్పున రూ.75, రోసువాస్టాటిన్ రూ.3 చొప్పున రూ.90, క్యాల్షియం రూ.2 చొప్పున రూ.60. థైరాక్సిన్ పాత షాపులోనే, తగ్గింపు పోను రూ.54. మిథైల్‌కోబాలమిన్ రూ.120. స్ట్రిప్పులు ఏ రోజు, ఏ పూట చూడాలో డాక్టరు రాసిచ్చారు, నెలకు 12 చాలు, రూ.240. మొత్తం రూ.1,089.

మిగిలిన రూ.3,866లో కేవలం ధర పోల్చడం వల్ల వచ్చింది రూ.2,079. తక్కిన రూ.1,787 అవసరం లేని మందు ఆపడం, ఖరీదైన క్యాప్సూల్ బదులు సాదా మాత్ర రాయించుకోవడం, లెక్క లేకుండా వాడే స్ట్రిప్పులు తగ్గించడం వల్ల వచ్చింది. ఈ రెండో వాటాను ఏ యాప్ చూపించదు.

కొర్లగుంట అయినా కుగ్రామమైనా అర్బన్ హెల్త్ సెంటరు, పీహెచ్‌సీల్లో మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, ఆమ్లోడిపిన్ లాంటి మందులు ఉచితంగా ఇస్తారు. కూలి మీద బతికే ఇల్లయితే మొదటి అడుగు అక్కడే వేయిస్తాం. వీళ్లకు రాసిన కాంబినేషన్లు అక్కడ దొరక్క జన ఔషధి ఎంచుకున్నారు.

ఎక్కడ తేడా కొట్టింది

రెండు చోట్ల. మొదటిది చాలా ప్రమాదకరం. మందులు మార్చాక ఇంటికి వెళ్లి డబ్బా చూస్తే పాత బీపీ అట్టలో సగం మాత్రలు, కొత్త అట్ట, రెండూ పక్కపక్కనే ఉన్నాయి. "ఇది తెల్లది, అది గులాబీది, రెండూ వేరే వేరే కదన్నా?" అని ఆమె అడిగారు. అడిగారు కాబట్టి సరిపోయింది. బ్రాండు పేరు, రంగు, ఆకారం అన్నీ మారాయి, పెద్దవాళ్లకు అది కొత్త మందులాగే కనిపిస్తుంది. ఇదే పొరపాటు గ్లిమిపిరైడ్‌తో జరిగితే డోసు రెట్టింపై షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం, నిద్రలో జరిగితే ప్రాణం మీదికొస్తుంది. పాత అట్ట పూర్తిగా అయిపోయాకే కొత్తది తెరవాలి, లేదా పాతదాన్ని ఇంట్లోంచి తీసేయాలి. కొత్త అట్టల మీద స్కెచ్ పెన్నుతో 'బీపీ, పొద్దున' 'షుగర్, టిఫిన్‌కు ముందు' అని తెలుగులో రాయించాం.

రెండోది స్టాకు. నాలుగో నెలలో గ్లిమిపిరైడ్ 2 కాంబినేషన్ కేంద్రంలో లేదు. "1 ఉంది, రెండేసి వేసుకోండి" అన్నారు అక్కడి కుర్రాడు మంచి మనసుతోనే. గ్లిమిపిరైడ్ 1 + మెట్‌ఫార్మిన్ 500 ఎస్ఆర్ మాత్రలు రెండు వేస్తే గ్లిమిపిరైడ్ రెండు అవుతుంది, సరే, కానీ మెట్‌ఫార్మిన్ 500 కాస్తా 1,000 అవుతుంది. పూటకు రెండేసి చొప్పున రోజుకు 2,000. కాంబినేషన్ మందుల్లో ఈ లెక్క ఎప్పుడూ తప్పుతుంది. సరైన దారి గ్లిమిపిరైడ్ 2 విడిగా, మెట్‌ఫార్మిన్ 500 ఎస్ఆర్ విడిగా తెచ్చుకోవడం. డాక్టరుకు ఫోన్ చేసి అడిగి అలాగే చేశారు. మాత్రల సంఖ్య పెరిగింది, మోతాదు మారలేదు. ఆ రెండు విడి మందులూ నిత్యావసర జాబితాలో ఉన్నాయి కాబట్టి వాటి ధరకు పరిమితి ఉంటుంది. కొన్నిసార్లు విడిగా కొంటేనే కాంబినేషన్ కంటే తక్కువ పడుతుంది. ఇప్పుడు పన్నెండు రోజుల మందు మిగిలి ఉండగానే వెళ్తున్నారు, వెళ్లే ముందు జన ఔషధి సుగమ్ యాప్‌లో దగ్గర్లోని ఇంకో కేంద్రం కూడా చూసి పెట్టుకుంటున్నారు.

ఆన్‌లైన్ ధరలు కూడా తీశాం. మొదటి ఆర్డరుకు కూపన్‌తో బాగా తక్కువ చూపిస్తారు. డెలివరీ, ప్లాట్‌ఫామ్ ఫీజులు కలిపి మూడో ఆర్డరుకు పడే ధర చూస్తే ఈ జాబితాకు లాభం రాలేదు. పాత బిల్లులతో పోల్చేవాళ్లు ఇంకొకటి గమనించాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా మందుల మీద జీఎస్‌టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. రూ.112 ఉన్న అట్ట రూ.105 అవ్వాలి. ఆ తగ్గుదలను షాపు ఇచ్చిన డిస్కౌంటుగా లెక్కేసుకోవద్దు.

పరీక్షలు

ఆయన మూడు నెలలకొకసారి రూ.1,499 పెట్టి డెబ్బై పరీక్షల ప్యాకేజీ చేయించుకునేవారు, ఏడాదికి రూ.5,996. డాక్టరుకు కావాల్సింది మూడు నెలలకొకసారి హెచ్‌బీఏ1సీ, ఏడాదికొకసారి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపేది), లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్టరాల్ పరీక్ష), మూత్రంలో ఆల్బుమిన్. విడిగా చేయిస్తే హెచ్‌బీఏ1సీ రూ.450 చొప్పున నాలుగు సార్లు రూ.1,800, మిగతా మూడూ కలిపి రూ.950, మొత్తం రూ.2,750. డెబ్బై పరీక్షల్లో అన్నీ ఉన్నాయి, మూత్రంలో ఆల్బుమిన్ మాత్రం లేదు. షుగర్ ఉన్న మనిషికి కిడ్నీ దెబ్బతింటోందని అన్నిటికంటే ముందు చెప్పేది ఆ పరీక్షే.

శుక్లం ఆపరేషన్: మూడు ఎస్టిమేట్లు

ఈ కేసు నడుస్తుండగానే ఆయనకు కుడి కంటి శుక్లం తీయించాల్సి వచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో అంధత్వ నివారణ కార్యక్రమం కింద ఇది ఉచితం. తిరుపతిలో అరవింద్ కంటి ఆసుపత్రి కూడా ఉంది. ఈ దారులు రెండూ చెప్పాం. ఇంటికి దగ్గరగా, తెలిసిన డాక్టరు దగ్గర చేయించుకోవాలని వాళ్లే ప్రైవేటు ఎంచుకున్నారు. అప్పటికే మూడు చోట్ల అడిగి వచ్చారు: రూ.18,000, రూ.26,000, రూ.32,000. పద్దెనిమిది వేల దగ్గర అడ్వాన్సు కట్టబోతుంటే ఆపాం.

మూడింటికీ ఒకే ప్రశ్నల కాగితం పంపాం. లెన్సు ఏ రకం, ఏ కంపెనీ, మోడల్? కంటి కొలత, అంటే బయోమెట్రీ, ఇందులో ఉందా? రక్త పరీక్షలు, ఈసీజీ? షుగర్ ఉంది కాబట్టి రెటీనా చూడడానికి ఓసీటీ స్కాన్? ఆపరేషన్ తర్వాత నెల పైన వేసే చుక్కలు? ఎన్ని సార్లు ఉచితంగా మళ్లీ చూస్తారు? జవాబులు కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వమన్నాం. నోటితో చెప్పినదానికి బిల్లింగ్ కౌంటరులో విలువ ఉండదు.

మొదటి ఆసుపత్రి పద్దెనిమిది వేలలో లెన్సు, ఆపరేషన్ తప్ప ఏమీ లేదు. బయోమెట్రీ రూ.1,200, రక్త పరీక్షలు, ఈసీజీ రూ.1,500, ఓసీటీ రూ.1,800, చుక్కలు రూ.2,200, మూడు సార్లు చూపించుకోవడానికి రూ.1,200. మొత్తం రూ.25,900. రెండో చోట చుక్కలు తప్ప అన్నీ కలిసే ఉన్నాయి, చుక్కలకు రూ.1,400, మొత్తం రూ.27,400. మూడో చోట అన్నీ కలిపి రూ.32,000. మొదటిదానికి, రెండోదానికి ఎనిమిది వేల తేడా అనుకున్నది చివరికి పదిహేను వందలకు వచ్చింది. మొదటి చోట హైడ్రోఫిలిక్ (నీటిని పీల్చే పదార్థం) లెన్సు, రెండో చోట హైడ్రోఫోబిక్ (నీటిని అంతగా పీల్చనిది). హైడ్రోఫోబిక్ రకంలో లెన్సు వెనక పొర మళ్లీ మసకబారే అవకాశం తక్కువ, మసకబారితే లేజరు ఖర్చు మళ్లీ వేరే. రెండో చోట చేయించుకున్నారు. డిశ్చార్జి రోజు లెన్సు స్టిక్కరు ఫైలులో అంటించారా, దాని మీద మోడల్ ఎస్టిమేట్‌లో రాసిందేనా అని సరిచూశారు. 'ఇంపోర్టెడ్ లెన్సు' అన్న మాటకు అర్థం లేదు, స్టిక్కరు మీద ఉన్న మోడల్‌కే అర్థం.

ఆసుపత్రిలో చేరే పెద్ద ఆపరేషన్ అయితే వరస వేరు. ధర అడిగే ముందే వైద్య సేవ నెట్‌వర్కు ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర (పథకం తరఫున రోగులకు సాయం చేసే ఉద్యోగి) దగ్గర కూర్చుని, ఆ చికిత్స జాబితాలో ఉందా కనుక్కోవాలి. ఇంట్లో 70 దాటిన వాళ్లుంటే ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తుంది, అది రోగం రాకముందే తీసి పెట్టుకోవాలి. వేలూరు ఆసుపత్రుల్లో తక్కువని వెళ్లేవాళ్లు బస్సు, లాడ్జి, తోడొచ్చినవాళ్ల కూలి కూడా ఎస్టిమేట్‌లో వేసుకోవాలి. చిత్తూరు వాళ్లకు పొద్దున పోయి సాయంత్రం వచ్చే దూరం, తిరుపతి వాళ్లకు చాలాసార్లు రాత్రి బస తప్పదు.

ఇక ముందు

మందులు ఇంత తక్కువకు వస్తున్నాయి కదా, ఆరు నెలలకు ఒకేసారి తెచ్చేస్తామని ఆయన అన్నారు. రెండు నెలలకు మించి వద్దన్నాం. ఆయన క్రియాటినిన్ ఇప్పుడు 1.1, బాగానే ఉంది. పద్నాలుగేళ్ల షుగర్‌తో అది మెల్లగా పెరగొచ్చు. ఈజీఎఫ్ఆర్ (క్రియాటినిన్‌ను బట్టి లెక్కించే కిడ్నీల వడపోత అంకె) 45 కంటే కిందికి దిగితే సిటాగ్లిప్టిన్ 100 నుంచి 50కి తగ్గిస్తారు, మెట్‌ఫార్మిన్ మోతాదు కూడా మళ్లీ చూస్తారు. అప్పుడు బీరువాలో ఉన్న 100 మి.గ్రా. అట్టలు ఎవరికీ పనికిరావు. చీటీ మారిన ప్రతిసారీ ఆ ఒక్క పేజీ కాగితం మళ్లీ రాసుకుని, మాత్ర ధరలు మళ్లీ వేసుకోవాలి. వచ్చే క్రియాటినిన్ పరీక్ష తేదీని కొత్త కాగితం పైన ఆయనే రాసి పెట్టుకున్నారు.